గర్భసంచి తీయమంటే మూత్రసంచిలో ఏం చేశారు?

(అనంతపురంలో పొదుపు సంఘాల మహిళలు, ఆశా కార్యకర్తల ముందు ఒక గైనకాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకి మైకు వినపడుతోందా? ఫ్యాను కింద చోటు దొరికిన వాళ్ళు అదృష్టవంతులు, మిగతా వాళ్ళు కొంచెం ఓర్చుకోండి. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ హాలు వెనక బాత్రూమ్‌కి తాళం వేసి ఉంది. తాళం చెవి తెప్పించండి అని నేను వచ్చీ రాగానే చెప్పాను. ఒక బాబు వెతకడానికి పోయాడు. ఇంకా రాలేదు. వచ్చేదాకా మాట్లాడుకుందాం. [నవ్వులు]

ఈ రోజు మాట్లాడేది ఒంటికి పోవడం గురించి. నవ్వుకోండి, ఫర్వాలేదు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు కూడా కడుపు నొప్పి, నడుము నొప్పి, నీరసం అన్నీ చెప్పి, కుర్చీలోంచి లేచి తలుపు దాకా పోయి, అక్కడ వెనక్కి తిరిగి, 'అదీ... ఒంటికి పోయేటప్పుడు కొంచెం మంట మేడమ్' అంటారు. వాళ్ళు అసలు వచ్చింది ఆ చివరి మాట కోసమే.

తొమ్మిదేళ్ల కిందటి సంగతి చెప్తాను. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అక్కకి గర్భసంచి ఆపరేషన్ చేశాను. సంచి కిందికి జారిపోయి, ఏళ్ల తరబడి బాధపడిన మనిషి. వేరుశనక్కాయలు పీకే కూలికి పోతే వంగలేక, కూర్చోలేక సతమతమయ్యేది. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు పొద్దున యూరిన్ పైపు తీసేశాం, ఒంటికి పోయింది, రెండో రోజు ఇంటికి పంపించాం. ఆ రాత్రే ఫోను. 'మేడమ్, ఒంటికి పోతే మిరపకాయ రాసినట్టుంది. మా పిల్లోడు కాగితం చదివినాడు. సిస్టోస్కోపీ అని ఏందో రాసినారు. గర్భసంచి తీయమంటే మూత్రసంచిలో ఏం చేసినారు మీరు?'

ఎందుకు చేశామో నా దగ్గర మంచి జవాబే ఉంది. ముందుగా ఎందుకు చెప్పలేదో దానికి మాత్రం లేదు. మత్తులో ఉన్న మనిషికి అయిదు నిమిషాల పరీక్ష చేశాం, అంతా బాగుంది, ఇక చెప్పేదేముంది అనుకున్నాను. 'రెండు రోజుల్లో తగ్గిపోతుంది, నీళ్ళు బాగా తాగక్కా' అని ఫోను పెట్టేశాను. ఆమె నీళ్ళు తాగలేదు. తాగితే పోవాలి, పోతే మంట. కాబట్టి తాగడం మానేసింది, వచ్చినా ఆపుకుంది. పైగా ఇంట్లో పత్యం. ఆరో రోజు 102 జ్వరంతో, చలితో వణుకుతూ మళ్ళీ వచ్చింది. అప్పుడు వచ్చింది నిజమైన ఇన్ఫెక్షను. మొదటి రెండు రోజుల మంట మామూలు మంట. దానికి భయపడినందువల్ల వచ్చిపడింది రెండోది. అందులో నా వాటా ఉంది. ఆ రోజు నుంచి నేను ప్రతి మనిషికీ ముందే చెప్తున్నాను.

ఇప్పుడు ఆమె ప్రశ్నకి జవాబు.

మీలో చీనీ తోటలున్న వాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. చెట్ల మధ్య డ్రిప్పు పైపులు మట్టిలో కప్పి ఉంటాయి కదా. పాదు చేసే మనిషి పార వేసేటప్పుడు ఆ పైపు ఎక్కడుందో కంటికి కనపడదు. పని అయ్యాక బుద్ధిమంతుడైన రైతు ఏం చేస్తాడు? గేటువాల్వు తిప్పి, ఆఖరి చెట్టు దాకా నడిచి, చుక్క పడుతోందా లేదా చూసి ఇంటికి పోతాడు. మేము చేసేది అదే.

ఒక్కో కిడ్నీ నుంచి మూత్రసంచికి ఒక సన్నని గొట్టం వస్తుంది. యురేటర్ అంటాం. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, లావు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అది వచ్చే దారి చూడండి. గర్భసంచికి రక్తం తెచ్చే పెద్ద నాళం కింద నుంచి దూరి, గర్భసంచి మూతికి ఇంచుమించు రెండు సెంటీమీటర్ల పక్కగా పోతుంది. గర్భసంచి తీయాలంటే మేము కత్తిరించి కుట్టు వేయాల్సింది సరిగ్గా ఆ రక్తనాళానికే. దాని పక్కనే, కింద, కొవ్వులో దాక్కుని ఈ గొట్టం. మూత్రసంచి అయితే గర్భసంచి ముందు భాగానికి అతుక్కునే ఉంటుంది, దాన్ని మెల్లగా విడదీసి కిందికి నెట్టాలి. రెండు మూడు సిజేరియన్లు అయిన వాళ్ళకి అది గచ్చులా అంటుకుపోయి ఉంటుంది. మామూలు జబ్బులకి చేసే ఆపరేషన్లలో యురేటర్‌కి దెబ్బ తగలడం వందలో ఒకరికి కూడా ఉండదు. కానీ తగిలి, అక్కడికక్కడే తెలియకపోతే, ఆ ఒక్కరి కిడ్నీ పోవచ్చు. టేబుల్ మీద ఉండగా తెలిస్తే అప్పుడే సరిచేయవచ్చు.

అందుకని ఆపరేషన్ చివర్లో, మత్తులో ఉండగానే, ఒంటికి వచ్చే దారిలోంచి పెన్సిలంత లావున్న కెమెరా గొట్టం లోపలికి పంపిస్తాం. ఆ కాగితంలో రాసిన సిస్టోస్కోపీ ఇదే. మూత్రసంచిలో దాదాపు 300 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతాం. సంచి విప్పారుతుంది. ఎక్కడైనా చిరిగిందా, పొరపాటున కుట్టు దారం లోపలికి వచ్చిందా చూస్తాం. అడుగున రెండు పక్కలా రెండు చిన్న నోళ్ళుంటాయి. వాటిలోంచి మూత్రం ఉండి ఉండి చిమ్ముతుంది. రెండు పక్కలా చిమ్మితే నాకు ఊపిరి అందినట్టు. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నా, రెండో పక్క చిమ్మడం ఒక నిమిషం ఆలస్యమైతే నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది.

ఈ పరికరం కొత్తదేం కాదు. జర్మన్ డాక్టరు మాక్స్ నిట్జె 1870లలోనే తయారు చేశాడు. అప్పటికి బల్బులు లేవు. ప్లాటినం తీగని ఎర్రగా కాల్చి ఆ వెలుగులో చూసేవాడు, ఆ వేడికి మనిషి కాలకుండా చుట్టూ నీళ్ళు తిప్పేవాడు. ఆనాటి రోగుల మంటతో పోలిస్తే మీ మంట ఎంత చెప్పండి. [నవ్వులు]

చిమ్మడం బాగా కనపడాలని కొందరు డాక్టర్లు రంగు మందు ఇస్తారు. ముందుగా మాత్ర ఇస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది. నరంలోకి ఇచ్చే మందుల్లో ఒకటి పచ్చగా మెరుస్తుంది, ఇంకొకటి నీలం. మర్నాడు బాత్రూమ్‌లో ఆ రంగు చూసి కెవ్వుమని అరిచిన వాళ్ళున్నారు. రంగు ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. చుక్క పడినంత మాత్రాన పైపు నూటికి నూరుపాళ్ళు బాగున్నట్టు కాదు. మేము రక్తం ఆపడానికి వాడే కరెంటు వేడి గొట్టానికి తగిలితే, ఆ రోజు బాగానే కనపడుతుంది. వారం పది రోజులకి కమిలిన చోట చిల్లు పడుతుంది. అందుకే కెమెరాతో చూశాం కాబట్టి ఇక నిశ్చింత అని నేను ఎవరికీ చెప్పను. అసలు ఈ పరీక్ష అందరికీ చేయాలా, అనుమానం ఉన్న వాళ్ళకే చేయాలా అన్నది మా డాక్టర్లలోనే తెగని వాదన. జారిన గర్భసంచికి చేసేటప్పుడు, పాత సిజేరియన్లు ఉన్నప్పుడు, నా చెయ్యి నాకే అనుమానంగా అనిపించినప్పుడు నేను చూస్తాను.

సరే, మంట ఎందుకు? ఆడవాళ్ళకి ఒంటికి వచ్చే దారి నాలుగు సెంటీమీటర్లే. లోపలి పొర కంటి రెప్ప లోపలి పొరంత సుకుమారం. దానిలోంచి కెమెరా పోయి వచ్చింది. అంతకుముందు, ఆ తర్వాత యూరిన్ పైపు ఉంది. సంచిని నీళ్ళతో సాగదీశాం. గర్భసంచి నుంచి విడదీసినప్పుడు బయటి వైపు కూడా కొంచెం కమిలింది. కాబట్టి తప్పంతా కెమెరాదే అనడానికి లేదు. కెమెరా పెట్టని వాళ్ళకి కూడా పైపు తీశాక మంట ఉంటుంది. ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ వచ్చినట్టుండటం, అర్జెంటుగా పరుగెత్తాలనిపించడం, మూత్రం లేత గులాబీ రంగులో రావడం, ఇవన్నీ మామూలు. చూడాల్సింది అది ఎటు పోతోంది అన్నది. నిన్నటి కంటే ఈ రోజు తగ్గిందా? తగ్గితే మీ దారిన మీరుండండి. మూడో రోజు దాటాక పెరుగుతోందా? తగ్గిపోయింది అనుకున్నది మళ్ళీ మొదలైందా? అప్పుడు పరీక్ష చేయించాలి.

ఇక్కడే మన 'వేడి' అడ్డం వస్తుంది. మంట అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు 'వేడి చేసింది' అంటారు. ఆ మాటని నేను ఎగతాళి చేయను. మా అమ్మ అన్నది, నేనూ ఇంట్లో అంటాను. ఈ ఊరి ఎండల్లో మూత్రం చిక్కబడి మండటం నిజమే, దానికి వేడి అని పేరు పెట్టుకున్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ ఇస్తారు. ఇవ్వండి. వాటిల్లో ఉన్న నీళ్ళు పని చేస్తాయి. నా గొడవ ఏమిటంటే, వేడి ఎన్ని రోజులుంటుంది? పది రోజులు వేడేనా? వణుకుతో జ్వరం వచ్చినా వేడేనా? నడుముకి ఒక పక్క పొడిచినట్టు నొప్పి వస్తుంటే అదీ వేడేనా?

ఒకవైపు చలవ చేయాలి అంటారు, ఇంకోవైపు అదే ఇంట్లో ఆపరేషన్ అయిన మనిషికి నీళ్ళు ఇవ్వరు. ఇదొక వింత. పచ్చి ఒళ్ళు, నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయి, పొట్ట పెరుగుతుంది అని అరగ్లాసు, అదీ కాచి, చప్పరించమని ఇస్తారు. బాలింతలకీ అంతే. అమ్మా, తాగిన నీళ్ళు కుట్ల దగ్గరికి పోవు. చీము పట్టేది క్రిముల వల్ల. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కగా అవుతుంది, చిక్కటి మూత్రం గీరుకున్న పొర మీద ఇంకా మండుతుంది. గీరుకున్న చేతికి ఉప్పునీళ్ళు తగిలినట్టు. అదే మూత్రం సంచిలో గంటల తరబడి నిలవ ఉంటే, పైపు వెంట లోపలికి చేరిన నాలుగు క్రిములు నాలుగు కోట్లవుతాయి. బాగా తాగితే అవి కొట్టుకుపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో నిలబడి నీళ్ళు తాగండి తాగండి అని చెప్పడం నాకే నవ్వొస్తుంది కానీ, రోజుకి రెండు రెండున్నర లీటర్లు, ఎండాకాలం ఇంకొంచెం ఎక్కువ, తాగాల్సిందే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న వాళ్ళు మాత్రం మీ డాక్టరు చెప్పిన కొలతే పాటించండి. మిగతా వాళ్ళకి కొలత ఏమిటంటే, మూత్రం ఎండుగడ్డి రంగులో ఉండాలి. పలుచటి టీ రంగుకి వచ్చిందంటే చాలలేదు.

తాగి ఆపుకుంటే లాభం లేదు. మూడు గంటలకోసారి పోవాలి, వచ్చినా రాకపోయినా. బస్సులో ఎట్లా, చేలో ఎట్లా, మగ్గం దగ్గర ఎట్లా అంటారు, నాకు తెలుసు. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుంటే లేవడానికి బద్ధకించి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకునే వాళ్ళని చూశాను. మొదటి రెండు వారాలైనా ఆపుకోకండి.

ఇన్ఫెక్షను అనుమానం వస్తే ఏం చేయాలి? మెడికల్ షాపుకి పోయి 'మంటకి రెండు బిళ్ళలు ఇవ్వు అన్నా' అనకండి. రెండు బిళ్ళలు వేసుకుంటారు, సగం తగ్గుతుంది, మానేస్తారు. చావకుండా మిగిలిన క్రిమి మొండిదవుతుంది. ఆ తర్వాత ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పని చేస్తుంది అని చూసే కల్చర్ పరీక్షకి మేము పంపితే, కాగితం మీద సగం మందులకి ఎదురుగా 'పని చేయదు' అని వస్తోంది. ఎక్కువగా దొరికేది ఈ కోలై అనే క్రిమి. అది మన పేగుల్లోదే, బయటి నుంచి ఎవరో తెచ్చింది కాదు. మూత్రం ఇవ్వడానికి కూడా పద్ధతుంది. ముందు కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టాలి. మందు మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోగా డాక్టరు ఒక మందు మొదలుపెడతారు, ఫలితం చూసి అవసరమైతే మారుస్తారు.

పైపు గురించి ఒక్క మాట. యూరిన్ పైపు లోపల ఉన్న ప్రతి రోజుకీ వందలో మూడు నుంచి ఏడుగురికి క్రిములు చేరే ప్రమాదం పెరుగుతుందని లెక్క. 'ఉండనీ, ఒంటికి లేచే పని లేదు, సుఖంగా ఉంది' అని ఇంకో రోజు ఉంచమని బతిమాలే వాళ్ళుంటారు. ఉంచకండి. 'పైపు ఎప్పుడు తీస్తారు?' అని మీరే అడగండి.

తీశాక ఆరు గంటల్లోగా ఒంటికి పోవాలి. వెన్నులో ఇచ్చిన మత్తు, నొప్పి ఇంజెక్షన్లు, వాపు, వీటివల్ల కొందరికి సంచి నిండినా తెలియదు, తెలిసినా రాదు. ఆశా చెల్లెళ్ళు ఇది గట్టిగా పట్టుకోండి. 'పది నిమిషాలకోసారి పోతోంది మేడమ్, ఆగడం లేదు' అని నాకు ఫోను చేస్తారు. ఎంత పోతోంది అంటే చెంచాడు. అది ఎక్కువ పోవడం కాదు, అసలు పోకపోవడం. కుంట నిండి కట్ట మీద నుంచి పొర్లుతోంది, అంతే. బొడ్డు కింద చెయ్యి పెడితే గట్టిగా, బిగువుగా తగులుతుంది. మళ్ళీ పైపు వేసి ఖాళీ చేస్తే ప్రాణం లేచి వస్తుంది. సంచి మరీ సాగిపోతే కోలుకోవడానికి వారాలు పడుతుంది, కాబట్టి రాత్రయిందని తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకొకటి ఉంది. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు గొంతు మారుతుంది, ఏమనుకోకండి. ఆపరేషన్ అయిన వారం, పది రోజులు, రెండు వారాలకి కొందరికి కిందంతా తడిగా ఉంటుంది. దగ్గినప్పుడు కాదు, నవ్వినప్పుడు కాదు, పడుకున్నా కూర్చున్నా కారుతూనే ఉంటుంది. తెల్లబట్ట అనుకుంటారు, కుట్లు కరిగి నీరు వస్తోంది అనుకుంటారు. వాసన వస్తుంది. అత్తగారు వేరే గ్లాసు పెడుతుంది. మనిషి పెళ్ళిళ్ళకి పోవడం మానేస్తుంది. నా దగ్గరికి ఒకామె నాలుగేళ్లు అట్లా గడిపి వచ్చింది. చీర కింద పాత పంచెలు మడిచి కట్టుకుని. ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న వాడికి కూడా. మూత్రసంచికీ యోనికీ మధ్య చిన్న చిల్లు పడింది, అంతే. కనిపెట్టడం ఎంత తేలికంటే, మూత్రసంచిలో నీలం నీళ్ళు పోసి, యోనిలో దూది పెట్టి, కాసేపు నడిపించి తీసి చూస్తాం. దూది నీలంగా మారిందా, దొరికినట్టే. చిల్లు చిన్నదై, ముందుగా వస్తే కొన్ని వారాలు పైపు ఉంచితేనే పూడిపోవచ్చు. లేకపోతే ఆపరేషన్ ఉంది. ఆమెకి చేయించాం. పొడి చీరతో ఇంటికి పోయింది.

నడుముకి ఒక పక్క నొప్పి, జ్వరం, వాంతులు, పొట్ట ఉబ్బడం, మూత్రం తగ్గిపోవడం, గడ్డలు గడ్డలుగా రక్తం, వీటిలో ఏదొచ్చినా ఆ రోజే రండి. స్కానింగులో కిడ్నీ వాచిందేమో చూడాలి.

ఇక నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి కానీ, ఇది చెప్పకుండా దిగలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసిన వాళ్ళు దేశం మొత్తం మీద వందకి ముగ్గురు. మన రాష్ట్రంలో వందకి దాదాపు తొమ్మిది మంది. మన గర్భసంచులేమైనా వేరే మట్టితో చేశారా? 'పిల్లలు పుట్టారు కదా, ఇక ఎందుకది, తీసేయండి' అని ముప్ఫై ఏళ్ల పిల్ల వచ్చి అడుగుతుంది. తెల్లబట్టకి తీయమంటుంది. తీసేవాళ్ళూ ఉన్నారు. అవసరమైన ఆపరేషన్‌కి ఈ మంటలు, పైపులు, కెమెరాలు అన్నీ ఓర్చుకోవచ్చు. అవసరం లేనిదానికి ఎందుకు ఓర్చుకోవాలి? ఇంకో డాక్టరుని అడగండి. నన్ను కూడా అనుమానించి అడగండి, నాకు కోపం రాదు.

ప్రశ్నలుంటే అడగండి.

[ఒక మహిళ: 'మేడమ్, షుగర్ ఉంటే మంట ఎక్కువుంటాదా?']

మంట కాదమ్మా, ఇన్ఫెక్షను ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోతే క్రిములకి పండగ. ఈ మధ్య షుగర్‌కి వాడే కొన్ని మాత్రలు చక్కెరని మూత్రంలోకి పంపిస్తాయి. వాటివల్ల కింద దురద, ఫంగస్ రావచ్చు. అది మూత్రం మంట అనుకుని వేరే మందు వాడతారు. మీరు వాడే మాత్రల చీటీ తీసుకురండి, చూస్తాను.

[ఒక ఆశా కార్యకర్త: 'డిశ్చార్జి కాగితంలో మేము ఏం చూడాల మేడమ్?']

మంచి ప్రశ్న చెల్లెమ్మా. పైపు ఏ రోజు తీశారు, సిస్టోస్కోపీ చేశారా, మూత్రసంచికి కుట్టేమైనా పడిందా, యురేటర్ మూసుకుపోకుండా లోపల స్టెంట్ అనే సన్నని గొట్టం ఏమైనా పెట్టారా. నాలుగోది మర్చిపోకండి. యురేటర్‌లో స్టెంట్ పెడితే దాన్ని చెప్పిన గడువులో తీయించాలి. అది ఉన్నన్నాళ్ళూ నడుము లాగుతుంది, మాటిమాటికీ వస్తుంది, అది మామూలే. కానీ మర్చిపోయి ఏడాది ఉంచుకుంటే దాని మీద రాయి కడుతుంది. అట్లా రాళ్ళు కట్టిన స్టెంట్లు చూశాను.

[ఇంకో మహిళ: 'ఇంట్లో వాళ్ళు దగ్గరికి ఎప్పటి నుంచి...']

అర్థమైందిలే. ఆరు వారాలు. లోపలి కుట్లు ఆరినాయని మేము చూసి చెప్పాక. ఆయన వింటాడా లేదా అంటే, ఆయన్ని నా దగ్గరికి తీసుకురా, నేను చెప్తాను. [నవ్వులు, చప్పట్లు]

ఏంటి బాబూ? దొరికిందా? ఇంతసేపు ఎక్కడుందయ్యా అది? సరే, తాళం చెవి వచ్చింది. ఆ మూల కూర్చున్న పెద్దమ్మ అరగంట నుంచి కదులుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఆమెని పోనివ్వండి.